ఉరిశిక్ష ఉండాలా, తీసేయాలా? హైవే కేసు గుర్తున్న ఒంగోలు, నెల్లూరు వాళ్ళు చెప్పండి

టంగుటూరు టోల్ | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నాకు రెండు లారీలున్నాయి. ఇప్పుడు డ్రైవర్లే తిప్పుతున్నారుగానీ 2008లో స్టీరింగ్ ముందు నేనే కూర్చునేవాణ్ణి. అప్పటికి మన హైవే నంబరు 16 కాదు, 5. ఆ ఏడాది ఒంగోలు చుట్టుపక్కల లారీలు మాయమయ్యాయి. ఆఫీసర్ల వేషంలో రాత్రిపూట బండి ఆపడం, కాగితాలు చూపించమనడం, డ్రైవర్‌నీ క్లీనర్‌నీ చంపి పూడ్చిపెట్టడం, ఇనుము లోడు అమ్ముకోవడం. సంగతి బయటపడ్డాక చాలా రోజులు కావలి దాటితే ఎవరు చెయ్యెత్తినా నేను బ్రేకు మీద కాలు పెట్టలేదు. ఒకసారి నిజమైన ఆఫీసరే ఆపితే కూడా ఆగకుండా పోయి, సింగరాయకొండ దగ్గర దొరికిపోయి ఫైన్ కట్టాను. ఆ రసీదు ఇప్పటికీ బీరువాలో ఉంది.

2021 మే 24న ఒంగోలు కోర్టు ఆ కేసులో 12 మందికి ఉరి వేసింది. టీవీ ముందు కూర్చుని "మంచి పని జరిగింది" అన్నాను.

మా పాప నెల్లూరులో లా చదువుతోంది. మొన్న సెలవులకు వచ్చినప్పుడు ఈ కేసు మాట వచ్చింది. "12 మంది నాన్నా. ఒకరి తర్వాత ఒకరు. నిన్ను అక్కడ నిలబెడితే ఎన్నోవాడి దాకా చూస్తావు?" అంది. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. "నువ్వు ఆ రోడ్డు మీద రాత్రిపూట బండి తోలలేదులే" అన్నాను. అది జవాబు కాదని నాకూ తెలుసు.

అందుకే ఇక్కడ అడుగుతున్నా. తిట్టుకోకుండా చెప్పండి.


మైపాడు కెరటం | ఆదివారం, రాత్రి 9:30

ఇందులో అడగడానికేముంది అన్నా. ఉరి తీయాల్సిందే. చంపినోణ్ణి జైల్లో పెట్టి మన పన్నులతో కోడికూర పెట్టి మేపడం ఎందుకు?


లాయర్‌పేట జూనియర్ | ఆదివారం, రాత్రి 10:05

టోల్ అన్నా, ముందు ఒక మాట. ఉరిశిక్ష వేయడం వేరు, ఉరి తీయడం వేరు. మీరు "ఉరి వేసింది" అని రాస్తే పాపం సగం మంది ఆ 12 మంది పోయారనుకుంటారు. సెషన్స్ జడ్జి ఉరిశిక్ష వేసినా హైకోర్టు ఖరారు చేసేదాకా అది కాగితం మీదే ఉంటుంది. ముద్దాయి అప్పీలు చేసుకోకపోయినా సరే, ఫైలు దానంతట అదే హైకోర్టుకు పోవాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 366వ సెక్షన్, దాని బదులు వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 407. అక్కడ ఖరారైతే సుప్రీంకోర్టు. ఆ పైన రివ్యూ. 2014 నుంచి ఉరి కేసుల్లో రివ్యూని ముగ్గురు జడ్జీలు ఓపెన్ కోర్టులో వినాలి. ఆ తర్వాత గవర్నర్, రాష్ట్రపతి.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. 1955కి ముందు హత్య కేసులో ఉరి వేయకపోతే, ఎందుకు వేయలేదో జడ్జి కారణం రాయాల్సి వచ్చేది. 1955లో ఆ నియమం తీసేశారు. 1973 కోడ్‌తో మొత్తం తిరగబడింది. ఇప్పుడు ఉరి వేస్తేనే ప్రత్యేక కారణాలు రాయాలి. 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు "అరుదైన వాటిలోకెల్లా అరుదైన" కేసుల్లోనే అంది. ఐదుగురు జడ్జీల్లో నలుగురు ఉరిశిక్ష రాజ్యాంగబద్ధమే అన్నారు, భగవతి గారొక్కరే కాదన్నారు. అంటే చట్టం లెక్కలో యావజ్జీవమే మామూలు శిక్ష, ఉరి మినహాయింపు. టీ కొట్టు దగ్గర మాత్రం దీన్ని తిరగేసి మాట్లాడతాం.


మైపాడు కెరటం | ఆదివారం, రాత్రి 10:11

ఉరి వేశాక జడ్జి పెన్ను పాళీ విరిచేస్తాడంటారు, నిజమేనా?


లాయర్‌పేట జూనియర్ | ఆదివారం, రాత్రి 10:14

చట్టంలో ఎక్కడా లేదు. ఇప్పుడు తీర్పులు కంప్యూటర్లో టైపవుతున్నాయి. ఏం విరుస్తారు, కీబోర్డా?


కందుకూరు మాస్టారు | సోమవారం, ఉదయం 6:20

అబ్బాయ్ టోల్, నీ కూతురు మంచి ప్రశ్న వేసింది. ఆ ప్రశ్న నేను ఐదేళ్ళు మోశాను.

1993 మార్చి 8. హైదరాబాదు నుంచి చిలకలూరిపేట వచ్చే బస్సు. దోచుకుందామని ఎక్కిన ఇద్దరు పెట్రోలు పోసి అంటించారు. 23 మంది కాలిపోయారు. నేనప్పుడు అద్దంకి దగ్గర స్కూల్లో పనిచేస్తున్నాను. రోజూ బస్సెక్కేవాణ్ణి. ఆ తర్వాత ఎన్నో నెలలు కిటికీ పక్కనే కూర్చునేవాణ్ణి, అద్దం జరుగుతుందా లేదా అని ముందే చూసుకునేవాణ్ణి. ఆ ఇద్దరికీ ఉరిశిక్ష పడితే స్టాఫ్ రూములో మిఠాయి పంచింది నేనే. దాచుకోవడం దేనికి.

సుప్రీంకోర్టు కూడా ఖరారు చేసింది. 1997లో తేదీ దాకా వచ్చి ఆగింది. ఉరి వద్దని రచయితలు, హక్కుల సంఘాలవాళ్ళు ఊరూరా సంతకాలు సేకరించారు. మా స్కూలుకి కూడా ఒక కుర్రాడు కాగితం పట్టుకుని వచ్చాడు. "ఆ బస్సులో ఉన్నవాళ్ళ సంతకాలు ఎవరు తెస్తారయ్యా?" అని గద్దించి పంపించాను. 1998లో రాష్ట్రపతి నారాయణన్ గారు దాన్ని యావజ్జీవంగా మార్చారు.

కోపం ఎప్పుడు పోయిందో చెప్పలేను. కానీ ఆ కుర్రాడు వదిలేసి వెళ్ళిన కరపత్రం ఒకటి నా డెస్కులో ఉండిపోయింది. వాళ్ళిద్దరూ బాగా పేద దళిత యువకులని, దొంగతనానికి వచ్చి మారణహోమం చేశారని, అది తెలిసి చేసిన నేరమే అయినా ఇంతమందిని చంపుదామని ఇంటి దగ్గర బయల్దేరింది కాదని ఉంది అందులో. ఒప్పుకోలేదు నేను. ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోను. పెట్రోలు పోసినవాడికి అగ్గిపుల్ల ఏం చేస్తుందో తెలీదా? అయినా మిఠాయి పంచిన చెయ్యి గుర్తొస్తే మాత్రం సిగ్గేస్తుంది. చావుకి మిఠాయేంటి?

ఇప్పుడు నేను ఉరి వద్దనేవాణ్ణే. అంబేద్కర్ కూడా 1949 జూన్ 3న రాజ్యాంగ సభలో ఉరి కేసుల్లో అప్పీళ్ళ సంగతి చర్చకొచ్చినప్పుడు, అసలు మరణశిక్షనే రద్దు చేయడానికి నా మద్దతు ఉంటుందన్నాడు. ఈ మాట మా సోషల్ పుస్తకాల్లో ఉండేది కాదు.


చీమకుర్తి గ్రానైట్ | సోమవారం, ఉదయం 8:02

మాస్టారూ, మీ మీద గౌరవం ఉంది. కానీ ఆ బస్సులో మీ ఇంట్లోవాళ్ళు ఉండి ఉంటే ఇట్టా రాసేవాళ్ళా? కాలిన 23 మందిదీ ఒక్క పేరన్నా మీకు గుర్తుందా? చంపినవాళ్ళ పేదరికం మాత్రం గుర్తుంది.

నేను సూటిగా చెబుతున్నా. 2019 డిసెంబర్ 6 పొద్దున షాద్‌నగర్ దగ్గర దిశ కేసు నిందితుల ఎన్‌కౌంటర్ వార్త రాగానే మా క్వారీలో పటాసులు కాల్చాం. కోర్టుల్లో అయ్యేది కాదని జనానికి తెలుసు.


కందుకూరు మాస్టారు | సోమవారం, ఉదయం 8:40

ఒక్క పేరూ గుర్తు లేదు. ఆ దెబ్బ నాకు తగలాల్సిందే.


లాయర్‌పేట జూనియర్ | సోమవారం, మధ్యాహ్నం 1:25

కోర్టులో లంచ్ టైములో రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

గ్రానైట్ గారూ, ఆ ఎన్‌కౌంటర్ మీద సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో నివేదిక ఇచ్చింది. పోలీసులు చెప్పిన కథ నమ్మేలా లేదని, చంపాలనే కాల్చారని రాసింది. అక్కడ చనిపోయిన నలుగురి మీద ఒక్క సాక్షినీ ఏ కోర్టూ విచారించలేదు. వాళ్ళే చేశారేమో. కానీ ఇప్పుడది ఎప్పటికీ రుజువు కాదు. చేయలేదనీ రుజువు కాదు. ఆ అమ్మాయి తల్లిదండ్రులకు దక్కాల్సిన తీర్పు కూడా ఆ పొద్దునే పోయింది.

అదే నెలలో మన అసెంబ్లీ దిశ బిల్లు పాస్ చేసింది. అత్యాచారానికి ఉరి, 21 రోజుల్లో తీర్పు. రాష్ట్రపతి ఆమోదం రాలేదు, చట్టం కాలేదు. 21 రోజుల్లో ఏం అవుతుందండీ? మా దగ్గర సాక్షికి సమన్లు అందడానికే రెండు వాయిదాలు పోతాయి. నెల్లూరు హరనాథపురంలో 2013లో తల్లీకూతుళ్ళను చంపిన కేసులో జిల్లా కోర్టు ఉరిశిక్ష వేసేసరికి 2020 ఫిబ్రవరి వచ్చింది. ఏడేళ్ళు, అది కూడా మొదటి మెట్టు దగ్గరే.


గూడూరు నిమ్మతోట | సోమవారం, సాయంత్రం 5:50

నాది ఒకటే భయం. తప్పుడు మనిషి దొరికితే?

2007 డిసెంబర్‌లో విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం హాస్టల్లో బీఫార్మసీ చదివే పిల్లను చంపారు గదా. మరుసటి ఏడాది ఒక పేద కుర్రాణ్ణి తెచ్చి వీడే అన్నారు. సరిగ్గా నడవలేని స్థితిలో ఉన్నవాడు గోడలెక్కి చేశాడన్నారు. ఆ పిల్ల తల్లిదండ్రులే "వీడు కాదు" అని మొత్తుకున్నారు. 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అని వదిలేసి, అతనికి లక్ష రూపాయలు ఇవ్వమంది. ఎనిమిదేళ్ళ పైన జైల్లో ఉన్నాడు. లక్ష అంటే మా తోటలో మంచి రేటున్న ఏడాది ఒక కోత డబ్బు.

ఉరి తీసి ఉంటే ఆ లక్ష ఎవరి చేతిలో పెట్టేవాళ్ళు?


మైపాడు కెరటం | సోమవారం, సాయంత్రం 6:15

అది యావజ్జీవం కేసు బ్రో, ఉరి కాదు. ఉరి దాకా పోయే కేసులు అన్ని కోర్టులూ జల్లెడ పట్టాకే పోతాయి. పైన లాయర్ గారే చెప్పారు గదా అన్ని మెట్లు.


లాయర్‌పేట జూనియర్ | సోమవారం, రాత్రి 9:48

కెరటం, నువ్వు అడిగింది న్యాయమైన మాటే. అందుకే జల్లెడ చివరిదాకా వెళ్ళిన కేసే చెబుతా. మహారాష్ట్రలో సంచార జాతికి చెందిన ఆరుగురు. 2003 నాటి దోపిడీ, హత్యల కేసు. కింది కోర్టు ఆరుగురికీ ఉరి వేసింది. హైకోర్టు ముగ్గురికి తగ్గించింది. 2009లో సుప్రీంకోర్టు ఆ ముగ్గురికీ మళ్ళీ ఉరి పెట్టి ఆరుగురినీ ఉరికంబం కిందికి చేర్చింది. 2019 మార్చిలో అదే సుప్రీంకోర్టు ఆరుగురూ నిర్దోషులే అని వదిలేసింది. తలా ఐదు లక్షలు ఇమ్మంది. దేశంలో అంతకంటే సన్నటి జల్లెడ లేదు. వాళ్ళు అందులో కూడా చిక్కుకున్నారు. మధ్యలో ఆ పదేళ్ళు ఎవరూ తొందరపడి తాడు లాగకపోవడం వల్లే బతికారు.

ఇంకోటి. 2009లోనే బరియార్ కేసులో సుప్రీంకోర్టు, గతంలో తాను ఖరారు చేసిన కొన్ని ఉరిశిక్షలు బచన్ సింగ్ తీర్పును సరిగ్గా పాటించకుండా ఇచ్చినవని ఒప్పుకుంది. అలాంటి పాత కేసుల్లో ఒకటి రావ్‌జీది. ఒప్పుకునేసరికి అతన్ని 1996లోనే ఉరి తీసేశారు.


చీమకుర్తి గ్రానైట్ | సోమవారం, రాత్రి 10:20

అంటే డబ్బు, పలుకుబడి లేనోళ్ళకే ఈ ఉరి. పెద్దోళ్ళకు ఎప్పుడన్నా పడిందా? ఢిల్లీ నుంచి లాయర్ని దించితే కింద కోర్టులోనే తేలిపోతారు. మా దగ్గర ఒక పెద్దమనిషి కారు కింద ఇద్దరు పోతే సంవత్సరం తిరక్కుండా రాజీ అయ్యింది.


కందుకూరు మాస్టారు | మంగళవారం, ఉదయం 5:55

గ్రానైట్, ఉరి వద్దనేవాళ్ళు మొదట చెప్పే మాట నువ్వే చెప్పేశావు. 2016లో ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీ వాళ్ళు ఉరిశిక్ష పడ్డ ఖైదీలను జైళ్ళకు వెళ్ళి కలిసి నివేదిక వేశారు. నాలుగింట మూడొంతుల మంది పేదలే.


చీమకుర్తి గ్రానైట్ | మంగళవారం, ఉదయం 7:30

నా మాట మీ సంచిలో వేసుకోకండి మాస్టారూ. పేదోడికి పడుతోంది కాబట్టి తీసేయమనడం లేదు నేను. పెద్దోడికి కూడా పడాలంటున్నా.


కావలి రిటైర్డ్ | మంగళవారం, రాత్రి 8:35

ఇన్నాళ్ళూ చదవడమే గానీ రాయలేదు. టైపింగ్ మా మనవడు చేస్తున్నాడు.

నేను జైళ్ళ శాఖలో వార్డరుగా చేరి హెడ్ వార్డరుగా దిగాను. రాజమండ్రి సెంట్రల్ జైల్లో ఎక్కువ కాలం, ఆఖర్న నెల్లూరు చెముడుగుంట జైల్లో. నా సర్వీసులో ఒక్క ఉరీ జరగలేదు, ఆ దేవుడికి దండం. కానీ రాజమండ్రిలో ఉరికంబం చూసుకునే పని నా డ్యూటీల్లో ఉండేది. లివరుకు నూనె వేయాలి. తుప్పు పట్టకూడదు. కింద చెక్క తలుపులు రెండూ ఒకేసారి పడాలి, ఒకటి ముందు ఒకటి వెనక పడకూడదు. చప్పుడు ఎట్టుంటుందంటే ధాన్యం గోడౌన్ షట్టరు ఒక్కసారి వదిలేసినట్టు. తాడు పరీక్షకు ఇసక మూట కట్టాలి. మూట బరువు ఖైదీ బరువుకు ఒకటిన్నర రెట్లు. అంటే ముందు అతన్ని కాటా మీద నిలబెట్టాలి. ఎంత కిందికి వదలాలో కూడా బరువును బట్టే. సన్నటివాడికి తాడు పొడుగు, లావుపాటివాడికి పొట్టి. తాళ్ళు బీహారు బక్సర్ జైలు నుంచి వస్తాయి.

ఉరిశిక్ష పడ్డ ఒకతను మా దగ్గర కొన్నేళ్ళున్నాడు. తర్వాత శిక్ష తగ్గింది. ఊరూ పేరూ చెప్పను. అతను రాత్రిళ్ళు నిద్రపోయేవాడు కాదు, తెల్లారాక పడుకునేవాడు. ఉరి తెల్లవారుజామునే తీస్తారని అతనికి ఎవరో చెప్పారు. మూడు గంటల నుంచి మా బూట్ల చప్పుడు లెక్కపెట్టేవాడు. ఇద్దరు నడిచే చప్పుడైతే రౌండు. నలుగురిదైతే తనకోసం. ఒకరోజు పాము దూరిందని నలుగురం కలిసి ఆ వరండాలోకి పరిగెత్తాం. పాము దొరకలేదు. అతను మాత్రం లుంగీ తడుపుకుని గోడ మూల కూర్చున్నాడు. ఆ రోజు నుంచి నేను ఆ వైపు డ్యూటీ పడితే బూట్లు విప్పి నడిచేవాణ్ణి. రూలుకు విరుద్ధం, సూపరింటెండెంటు చూసి కూడా ఏమీ అనలేదు.

అతను చేసిన పని చిన్నదేం కాదు. ఫైలు చదివాను. ఇద్దరు పిల్లల్ని చంపాడు. ఫైలు చదివిన రోజు అతనికి అన్నం పెట్టబుద్ధి కాలేదు. రెండూ నిజమే.


గూడూరు నిమ్మతోట | మంగళవారం, రాత్రి 8:52

పెద్దాయనా, చేతులెత్తి దండం.


లాయర్‌పేట జూనియర్ | మంగళవారం, రాత్రి 9:30

తాతగారు చెప్పిన ఆ ఎదురుచూపు మీదే పెద్ద గొడవ నడిచింది. 1983లో మన అనంతపురం జిల్లా నుంచి వెళ్ళిన జస్టిస్ చిన్నపరెడ్డి గారు వతీశ్వరన్ కేసులో, ఉరిశిక్ష అమలు రెండేళ్ళకు మించి ఆలస్యమైతే యావజ్జీవంగా మార్చాల్సిందే అన్నారు. ఆ రెండేళ్ళ గడువు నిలబడలేదు. 1989లో త్రివేణీబెన్ కేసులో ఐదుగురు జడ్జీలు అంకె పెట్టి కొలవలేమన్నారు. 2014 జనవరిలో శత్రుఘ్న చౌహాన్ కేసులో మళ్ళీ ఆ వైపు జరిగింది. క్షమాభిక్ష పిటిషన్ మీద కారణం లేకుండా ఏళ్ళ తరబడి కూర్చుంటే అదే హింస అని, 15 మందికి శిక్ష తగ్గించారు. క్షమాభిక్ష కొట్టేశాక ఉరికి ముందు కనీసం 14 రోజుల గడువు ఇవ్వాలని, కుటుంబానికి తెలియజేయాలని కూడా అన్నారు. ఎందుకంటే 2013లో అఫ్జల్ గురును తీహార్ జైల్లో ఉరి తీసిన సంగతి అతని ఇంటివాళ్ళకు స్పీడ్ పోస్టులో, అంతా అయిపోయాక చేరింది.

మన రాష్ట్రానిదే ఇంకా పాతది ఉంది, ఈడిగ అనమ్మ కేసు, 1974. జంట హత్య. కృష్ణయ్యర్ గారు ఆమె చిన్న వయసు, ఆమెకున్న బిడ్డ, అప్పటికే ఉరి నీడలో గడిపిన కాలం చూసి యావజ్జీవానికి తగ్గించారు. నేరం మాత్రమే కాదు, నేరస్థుణ్ణి కూడా చూడాలన్న మాట అలాంటి తీర్పుల నుంచే బచన్ సింగ్‌లోకి వచ్చింది. చూడటం అంటే ఎట్టా చూస్తారో నేను చూశాను. దోషి అని తేల్చాక "శిక్ష గురించి ఏమన్నా చెప్పుకుంటావా" అని అడుగుతారు. ముద్దాయి చేతులు కట్టుకుని "ముసలి తల్లి ఉందయ్యా" అంటాడు. డిఫెన్సు లాయరు "దయ చూపమని ప్రార్థన" అంటాడు. పది నిమిషాలు. మోటారు ప్రమాదం కేసులో చెయ్యి విరిగినాయన ఆదాయం లెక్క తేల్చడానికి అంతకంటే ఎక్కువ సేపు వాదిస్తాం. 2022లో సుప్రీంకోర్టు ఇది కుదరదని, అతని బాల్యం, మానసిక స్థితి, జైల్లో నడవడిక అన్నీ తెప్పించుకుని చూడాలని చెప్పింది.


మైపాడు కెరటం | మంగళవారం, రాత్రి 10:02

అందరూ చంపినోడి బాల్యం గురించే. నా ప్రశ్నకు ఎవరూ సమాధానం చెప్పలేదు. ఉరి లేకపోతే భయం ఉంటుందా?


టంగుటూరు టోల్ | మంగళవారం, రాత్రి 10:30

తమ్ముడూ, ఆ హైవే ముఠా మనుషుల్ని చంపినప్పుడు కూడా మన చట్టంలో ఉరి ఉంది. 302 సెక్షన్ ఏమీ కొత్తది కాదు. వాళ్ళు భయపడింది ఉరికి కాదు, దొరికిపోతామేమోనని. అందుకే శవాల్ని పూడ్చారు. ఇది పాప చెప్పిన మాటే, ఒప్పుకోబుద్ధి కాలేదు గానీ లారీ నడిపినోడిగా ఆలోచిస్తే నిజమే అనిపించింది. ఓవర్‌లోడుకు ఫైన్ ఎంతని ఎప్పుడూ చూసుకోలేదు నేను. చెక్‌పోస్టులో ఈ రాత్రి మనిషి ఉన్నాడా లేడా, అదే అడిగేవాణ్ణి ఎదురొచ్చే డ్రైవర్లని.


లాయర్‌పేట జూనియర్ | మంగళవారం, రాత్రి 10:41

టోల్ అన్న చెప్పినదానికి ఒక్క లెక్క కలుపుతా. ఈ శతాబ్దంలో దేశం మొత్తం మీద ఉరి తీసింది ఎనిమిది మందిని. 2004లో ఒకరు, 2012, 2013, 2015లలో ఒక్కొక్కరు, 2020 మార్చి 20న నిర్భయ కేసులో నలుగురు. లా కమిషన్ 1967లో ఉరి ఉండాలంది. 2015లో జస్టిస్ ఏపీ షా అధ్యక్షతన 262వ నివేదికలో, టెర్రరిజం, దేశం మీద యుద్ధం కేసులు తప్ప మిగతా వాటికి తీసేయమంది. తీసేయకపోగా పిల్లల మీద లైంగిక నేరాల చట్టం పోక్సోలో చేర్చారు, మూకదాడి హత్యలకు భారతీయ న్యాయ సంహితలో పెట్టారు.


ఉదయగిరి కొండ | బుధవారం, మధ్యాహ్నం 2:10

నేను బాధితుల వైపు మనిషిని. ఇక్కడ ఎవరూ అడగలేదు గానీ చెబుతా.

మా తమ్ముణ్ణి మా ఊరివాడే చంపాడు. పొలం గట్టు తగాదా. గట్టు మీద వేపచెట్టు ఎవరిదనేది అసలు గొడవ. ఆ చెట్టు మహా అయితే రెండు మంచాలకు వస్తుంది. గొడ్డలి దెబ్బ ఒకటే. మా వాడికి 26 ఏళ్ళు.

కోర్టుకు మా అమ్మ ప్రతి వాయిదాకీ వచ్చేది. రావాల్సిన పని లేదమ్మా అన్నా వినేది కాదు. బస్సు టికెట్లన్నీ పసుపు డబ్బాలో దాచింది, పోయాక లెక్కపెడితే 61 ఉన్నాయి. సాక్షులు ఇద్దరు అడ్డం తిరిగారు, ఒకాయన నిలబడ్డాడు. యావజ్జీవం పడింది. ఆ రోజు అమ్మ గవర్నమెంటు లాయర్ని ఒక్కటే అడిగింది. "అయ్యా, వాడు ఎందుకు కొట్టాడో చెప్పినాడా?" ఆయన "నేరం ఒప్పుకోలేదుగా అమ్మా, చెప్పడు" అని ఫైలు సర్దుకుని వెళ్ళిపోయాడు. మూడేళ్ళ విచారణలో ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏ ఆయుధంతో అన్నీ వచ్చాయి. అమ్మకు కావాల్సింది రాలేదు. గట్టు సంగతి ఆమెకూ తెలుసు. ఆమె అడిగింది అది కాదు.

ఉరి పడలేదని అప్పుడు నేను ఏడ్చాను. కనీసం జీవితాంతం లోపలుంటాడులే అనుకున్నా. తొమ్మిదో ఏట సత్ప్రవర్తన కింద వదిలేశారు. మాకు ఎవరూ చెప్పలేదు. ఒక కాగితం ముక్క లేదు. పాలకు వెళ్ళిన మా చిన్నోడు వచ్చి "అమ్మా, మామను చంపినాయన రచ్చబండ మీద కూర్చోనుండాడు" అన్నాడు. అట్టా తెలిసింది.

మీరు ఉరి కావాలా వద్దా అని వాదించుకుంటున్నారు. కానివ్వండి. మాలాంటివాళ్ళకి మాత్రం కేసు మొదట్లో వాంగ్మూలం తీసుకున్న రోజు తర్వాత ఎవరూ తలుపు తట్టలేదు.


లాయర్‌పేట జూనియర్ | బుధవారం, రాత్రి 8:15

అక్కా, మీరు రాసింది మా ఆఫీసులో గట్టిగా చదివి వినిపించాను. మా సీనియర్ గారు కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

చట్టం ఏమంటుందో చెప్పడం ఒక్కటే నేను చేయగలిగింది. యావజ్జీవం అంటే 14 ఏళ్ళు కాదు, జీవితాంతమే. 1961లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 14 అనేది, ఉరి పడే వీలున్న నేరానికి యావజ్జీవం పడితే ప్రభుత్వం మామూలుగా వదలకూడని కనీస కాలం. కానీ రాజ్యాంగం 161వ అధికరణం కింద గవర్నర్ పేరుతో జీవో ఇస్తే ఆ 14 కూడా అడ్డు రాదు. పండగలకు, జాతీయ దినాలకు విడుదలలు ఎక్కువగా అట్టాగే జరుగుతాయి. అలాంటి విడుదల చట్టప్రకారం లేదనుకుంటే బాధితులు కోర్టుకు వెళ్ళొచ్చు. గుజరాత్‌లో బిల్కిస్ బానో కేసులో 11 మందిని వదిలేసిన రెమిషన్‌ను, అంటే శిక్షాకాలం తగ్గింపును, 2024 జనవరిలో సుప్రీంకోర్టు రద్దు చేసింది, అది బాధితురాలు వేసిన కేసే.

ఇంకో దారి కూడా ఉంది. 2008లో శ్రద్ధానంద కేసు నుంచి, ఉరి వేయకుండా 20, 25, 30 ఏళ్ళు, లేదా చచ్చేదాకా రెమిషన్ లేకుండా శిక్ష వేయడం మొదలైంది. 2015లో రాజ్యాంగ ధర్మాసనం దాన్ని ఒప్పుకుంది. కాకపోతే హైకోర్టు, సుప్రీంకోర్టు మాత్రమే అట్టా వేయగలవు. నా మట్టుకు నాకు ఉరి స్థానంలో ఇదే రావాలి.

శిక్ష సరిపోలేదని అప్పీలు చేసే హక్కు మాత్రం బాధితులకు లేదు. కోర్టు నిర్దోషి అని వదిలేసినా, తక్కువ నేరం కింద శిక్షించినా, పరిహారం చాలకపోయినా చేసుకోవచ్చు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా పరిహారం ఒకటుంటుంది, అది మీకు వచ్చిందా?


ఉదయగిరి కొండ | బుధవారం, రాత్రి 8:40

ఈ సంస్థ పేరే ఇప్పుడు వింటున్నా తమ్ముడూ.


చీమకుర్తి గ్రానైట్ | బుధవారం, రాత్రి 9:05

చూశారా మాస్టారూ. అందుకే ఉరి అడుగుతున్నాం మేము. ఉరి తీస్తే రచ్చబండ మీద కూర్చోడు.


కందుకూరు మాస్టారు | బుధవారం, రాత్రి 9:50

దీనికి నా దగ్గర జవాబు లేదు గ్రానైట్. శిక్ష నిజంగా శిక్షలా నడిస్తే ఇంతమంది తాడు అడగరనిపిస్తుంది. కానీ ఆమె ముందు ఆ మాట అనడానికి నోరు రావడం లేదు.


టంగుటూరు టోల్ | గురువారం, ఉదయం 6:45

పాప మొత్తం చదివింది. ఉదయగిరి అక్కను ఒకటి అడగమంటోంది. మీకు ఇష్టం లేకపోతే వదిలేయండి. వాణ్ణి మీరు ఎదురుగా చూశారా? చూసినప్పుడు ఉరి పడి ఉంటే బాగుండేదనిపించిందా?


మైపాడు కెరటం | గురువారం, ఉదయం 7:10

అన్నా, అదేం ప్రశ్న.


ఉదయగిరి కొండ | గురువారం, రాత్రి 9:25

పరవాలేదు, అడగనీండి. పిల్లలే అడగాలి.

చూశాను. పోయిన సంక్రాంతికి ముందు, బస్టాండులో. నెల్లూరు బస్సు లేటు. చలిగా ఉంటే నేనూ మా చిన్నోడూ టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. వాడు పక్కనే ఉన్నాడు, నేను గుర్తుపట్టలేదు. జుట్టంతా నెరిసింది, పళ్ళు లేవు. వాడే పలకరించాడు. "బాగుండావా అక్కా" అన్నాడు. ఊళ్ళో చిన్నప్పటి నుంచి అట్టాగే పిలిచేవాడు, మా తమ్ముడితో పాటే మా ఇంట్లో తిని పెరిగాడు.

అమ్మ అడిగిన మాట నోటిదాకా వచ్చింది. ఎందుకు కొట్టావురా అని. రాలేదు. వాడు కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. ఉరి పడి ఉంటే బాగుండేదా అంటే, ఆ నిమిషంలో నాకు ఏ శిక్షా గుర్తు రాలేదమ్మా. వాడి చేతులే చూస్తున్నా.

టీ డబ్బులివ్వబోతే కొట్టాయన "ఆయన ఇచ్చేసిపోయినాడు, మీ రెండింటికీ" అన్నాడు. 20 రూపాయల కాగితం బల్ల మీద పెట్టాను. "ఇచ్చేసినాడమ్మా" అని మళ్ళీ అన్నాడు. తీసుకోమన్నాను. మా చిన్నోడు నా మొహంలోకి చూశాడు. ఈలోపు బస్సొచ్చింది.